ఎడమ మర

ఎద్దునైతే పళ్ళు చూసి కొనొచ్చు,
సుడులు చూసి వద్దనొచ్చు.
దీనికేం చూడాలి?
విస్కాన్సిన్‌లో, విరోక్వా ఊరి చివర వేలంలో
నలభై డాలర్లకి నా మెడకి చుట్టుకున్న తోట ట్రాక్టరు.
బానెట్ లేదు, పేరు లేదు.
సీటు కింద నంబరు పలక ఉండాల్సిన చోట
రెండు రివెట్ల కన్నాలు,
కమ్మలు తీసేసిన చెవుల్లా.

బ్లేడుతో రంగు గీకాను.
పైన ఆకుపచ్చ, దాని కింద నారింజ,
దాని కింద ఎవరో గోడకి వెయ్యగా మిగిలిన తెలుపు,
అడుగున తుప్పు.
తుప్పుని కంపెనీ పేరుగా ఎవరూ ఒప్పుకోరు.

ఆర్డిస్ టోలెఫ్సన్‌ని పిలుచుకొచ్చాను.
ముప్ఫై ఒక్కేళ్ళు స్పేర్‌పార్టుల కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి.
ఇప్పుడు చూపులో నడిమి భాగం పోయింది,
అంచులే మిగిలాయి.
మనల్ని చూడాలంటే పక్కకి చూస్తుంది.

గ్లవ్స్ వద్దంది.
గేరుపెట్టె పొట్ట కింద చెయ్యి పెట్టి
చూడి గేదెని తడిమినట్టు తడిమింది.
"పోతలో అంకెలున్నాయి. అరవై ఒకటి, కాదంటే అరవై ఏడు."
చెయ్యి ముందు ఇరుసు దాకా పాకింది.
"ఇది వేరేవాళ్ళది."
ఇంజను దగ్గర ఆగింది.
"ఇది అసలు ట్రాక్టరుదే కాదు. ఎవరిదో బావి పంపుది."

అయితే ఇది ఏ ఒక్కటీ కాదన్నమాట, అన్నాను
నా నలభై డాలర్లు గుర్తొచ్చి.
"దున్నుకోవాల్సినవాడు పేరు చూస్తాడా?" అంది.

నాలో ఒక ఉపమానం తలెత్తబోయింది,
నేనూ నాలుగు చోట్ల ముక్కలతో... అంటూ.
నోర్ముయ్యి అన్నాను దానికి.
ఆర్డిస్ అప్పటికే పానా అడుగుతోంది.

ట్యాంకులో పెట్రోలు పారబోశాం,
ముదురుపాకమై తీగ సాగింది.
ఫ్లైవీలు కప్పు విప్పితే ఎలక కాపురం:
కొరికిన విత్తనాల పొట్లాం,
దాని మీద సగం ముల్లంగి.
పాయింట్లు రుద్దాక సందు కొలవడానికి
పర్సులోంచి అగ్గిపుల్లల అట్ట తీసింది,
మూతపడ్డ షాపు పేరు ఇంకా ఎర్రగానే ఉంది.
"లాగితే రావాలి, కానీ రానని కాస్త మొరాయించాలి.
అదే కొలత."

ఇక మిగిలింది కోత బ్లేడు నట్టు.
రెండు వారాలుగా కదల్లేదు.
నూనె పోశాను, మంట పెట్టాను,
సుత్తితో బాదాను, తెలుగులో తిట్టాను.
"దాని మీద ఏముంది?"
మురికి.
"మురికి కింద?"
తుడిచాను.
ఆవగింజకన్నా కొంచెం పెద్దది, ఒక పసుపు చుక్క.
రంగులో ఇరుక్కుని ఒక కుంచె వెంట్రుక.

చెప్పాను.
ఆమె చాలాసేపు పక్కకి చూసింది,
అంటే, సూటిగా చూసింది.

"ఎడమ మరని తెలీక జనం విరగ్గొట్టుకునేవాళ్ళు.
కౌంటర్ కింద పసుపు ఎనామెల్ సీసా ఒకటి పెట్టుకున్నాను.
అమ్మిన ప్రతి నట్టుకీ ఒక చుక్క.
అదేంటని షాపు ఓనరు కూడా అడగలేదు."

పానా కుడికి తిప్పాను, బిగించే వైపు.
కుయ్యిమంది. వదిలింది.

పొద్దుగూకాక తాడు లాగితే
పదకొండు సెకన్లు నడిచి ఆగింది.
"జెట్‌లో ఇంకా నలక ఉంది," అంది,
కూర రుచి చూసి ఉప్పు తక్కువన్నంత మామూలుగా.
ఇంటి ముందు దింపితే
తలుపు తెరిచి, దిగకుండా అడిగింది:
"చుక్క తుడిచెయ్యలేదు కదా?"

లేదు.
నా నోటుపుస్తకంలో కంపెనీ అన్న గడి
ఇంకా ఖాళీ.
సంవత్సరం దగ్గర ఒకటో ఏడో తేలని అంకె.
రేపు సన్నతీగతో జెట్ మళ్ళీ పొడవాలి.
పసుపు రంగు సీసా ఒకటి,
చిన్న కుంచె ఒకటి కొనాలి.