లొకేషన్ రిపోర్టు

జకార్తాలో ఉన్న సుబ్రోతో గారికి,
అంబోన్ నుంచి మెలియానుస్ రాస్తున్నాను.

మీరడిగిన కోట నైరా దీవిలో ఉంది.
గోడలు గట్టివే. మరీ శుభ్రంగా ఉన్నాయి,
పదహారు వందల ఇరవై ఒకటిలా కనబడాలంటే
మసి పూయించాలి.
ఎదురుగా నిప్పుకొండ. నేనున్నన్నాళ్ళూ పొగ రాలేదు.
లొంతోర్ పొడుగునా జాజి తోటలు.
కాయ పగిలితే నల్లటి గింజని జాపత్రి
గోరింటాకు పండిన వేళ్ళతో పట్టుకుని ఉంటుంది,
ఎవరో లాక్కుపోతారన్నట్టు.

చోటుకి లోటు లేదండీ.
లోటల్లా మనుషులకి.

తోటల్లో ఉన్నవాళ్ళు మంచివాళ్ళు.
చేప కాల్చి పెట్టారు, పక్క వేశారు.
"మా ముత్తవ్వల్ని తర్వాత తెచ్చారు బాబూ,
చెట్లున్నాయి, కోసేవాళ్ళు లేరని.
గుంపు సీన్లకి రమ్మంటే వస్తాం.
ఏ గుంపులో నిలబడాలో
మీరే చెప్పాలి."

హీరో ఎవరని మీరు మూడు ఉత్తరాల్లో అడిగారు.
నలభై నలుగురు పెద్దలండీ, ఒక వెదురు దడి,
ఆ రోజు వాన కూడా పడిందంటారు.
కత్తి దూసింది డచ్చివాళ్ళు కూడా కాదు,
జీతానికొచ్చిన జపాన్ వాళ్ళు.
విలన్‌ని చూపించమంటే ఏం చూపించను?
కంపెనీ. దానికి మీసం లేదు, మొహం లేదు,
ఖాతా పుస్తకం ఉంది. అందులో అక్షరాలు
ఎంత ముత్యాల్లా ఉన్నాయో.
మనం తిరగబడమన్న ప్రతివాడూ
ఇంటర్వెల్‌కి ముందే పోతాడు.
మిగతా సగం జనం పాప్‌కార్న్ తింటూ
ఎవరి కోసం కూర్చుంటారు?

అందుకే ఓడెక్కి కేయి దీవులకి వెళ్ళాను.
పారిపోయినవాళ్ళ ఊరొకటుంది అక్కడ, బండా ఎలి.
బండాలో బతకని బండా భాష
అక్కడ ఇంకా బతికుంది.
హబీబా అనే ముసలామె కుండలు చేస్తుంది.
మన రచయిత కలిపాడు చూడండి,
ఒక పిల్ల, ఆమెని దాచిపెట్టే డచ్చి సిపాయి,
ఆ భాగం ఆమెకి చదివి వినిపించాను.
మట్టి పిసుకుతూ వింది.
"వాడికి మా మాట వచ్చా?"
రాదన్నాను.
"దానికి వాడి మాట వచ్చా?"
రాదన్నాను.
"మరి ఇన్ని కాగితాల నిండా
ఏం మాట్లాడుకున్నారయ్యా!"
పళ్ళు లేని నవ్వు. నాకూ నవ్వొచ్చింది.

అప్పుడడిగాను, మీరు రాయమన్న ప్రశ్నే:
ఆ రాత్రి పడవల్లో మీవాళ్ళు ఏమనుకున్నారు?
ఒక్క డైలాగు చాలు, మీ భాషలో,
మైకు పెడతాను.

ఆమె లేచి వచ్చి
తడి చేత్తో నా నోరు మూసింది.

మూసి ఉంచింది.
మట్టి చల్లగా ఉంది. వానపాముల వాసన.
పొయ్యి మీద నీళ్ళు కాగడం మొదలై,
కాగి, మూత ఎగిరిపడేదాకా తియ్యలేదు.
నేను ముక్కుతో బతికాను.
"ఇదే అన్నారు" అంది.
"పిల్లాడు ఏడ్చిన పడవ
ఇక్కడికి రాలేదు.
మేం
ఏడవనివాళ్ళ పిల్లలం."

తర్వాత తన పనిలో తను పడిపోయింది.
లోపల రాయి, బయట చెక్క,
టప్. టప్. టప్.
రికార్డరు నలభై నిమిషాలు అదే వింది.
ఆ టేపు పంపుతున్నాను.
ఇందులో మాటలేవీ అని
మీ సౌండాయన విసుక్కుంటాడు.
ఒక్కసారి దీపాలార్పి వినమనండి.

ఈ సినిమా ఎందుకు కుదరదో
నాకు తెలిసినంతలో రాశాను.
కుదరాలనే ఉంది నాకు కూడా.

ఖర్చుల పట్టిక జతచేశాను:
ఓడ టికెట్లు, మోటారు పడవ, బ్యాటరీలు,
ఒక కుండ.
కుండ దారిలో పగిలింది.
దాని డబ్బులు మాత్రం కొట్టెయ్యకండి.