కొండ లేని చోట

మిసిసిపీ నదికి ఇవతల, మా వైపు, కొండ లేదు.
మొక్కజొన్న కోసేశాక
కొయ్యకాళ్ళ మీంచి చూస్తే
పక్కూరి చర్చి దాకా అడ్డమే లేదు.
వదిలిన గుండు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా,
ఆపడానికి మట్టి లేకపోతే
మనిషే ఆపాల్సి వస్తుందని
చట్టం రాసినవాళ్ళకి ఎవరో చెప్పి ఉంటారు.
అందుకే జింక మీదికి రైఫిల్ ఎత్తకూడదన్నారు.
షాట్‌గన్. అందులో ఒంటిగుండు. అంతే.

బొటనవేలంత సీసం, ఔన్సు బరువు,
మా పెద్దాడపడుచు నడకలాగే,
రెండు పొలాలు దాటేసరికి ఆయాసం,
మూడో గట్టు దగ్గర కూలబడుతుంది.

ఎల్డన్‌కి చట్టమంతా కంఠతా వచ్చు.
డిసెంబరు మొదటి శనివారానికి ముందురాత్రి
వంటగది బల్ల మీద పాత దుప్పటి పరిచి
గొట్టం తుడుస్తూ అప్పజెప్పేవాడు:
సూర్యోదయానికి అరగంట ముందు, అంతకు ముందు వద్దు.
నారింజరంగు కోటు తొడుక్కో.
రోడ్డు మీంచి కాల్చకు.
తూటా నింపిన తుపాకీని ట్రక్కు ఎక్కించకు.
పడ్డ జింకకి చీటీ కట్టందే అక్కణ్ణించి కదపకు.
ఆఖరిది ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన సొంతం:
జింక వెనకాల ఏముందో తెలీకపోతే
మార్విస్ ఉందనుకో.

మొదట్లో మాది నున్నటి గొట్టం.
తర్వాత బర్ల్ కొట్లో మరగొట్టం కొన్నాడు,
నా కుట్టుమిషను కోసం దాచిన డబ్బుతో.
టార్చి వేసి లోపలికి చూడమన్నాడు.
మెలితిరిగిన గాళ్ళు, నత్తగుల్లలో దారిలా.
"గుండు బొంగరంలా తిరుగుతుంది మార్విస్,
తిరిగేదే తిన్నగా పోతుంది."
మీ తమ్ముడూ తిరుగుతూనే ఉన్నాడుగా,
ఏం తిన్నగా పోయాడు? అన్నాను.
ఎప్పుడూ నవ్వేవాడు, ఆ రాత్రి నవ్వలేదు.
కుట్టుమిషను గురించి సిగ్గుపడ్డాడనుకున్నాను.

ఇప్పుడు చట్టం మారింది.
కొన్ని రకాల రైఫిళ్ళు తెచ్చుకోవచ్చట,
తూటా గోడలు నిటారుగా ఉంటే చాలట.
ఎల్డన్ పోయి రెండేళ్ళు.
చీటీ కట్టడానికి తాతయ్య తాడు కావాలని
డార్లా కొడుకు సోరెన్ అడిగితే
గాలాల పెట్టె తెరిచాను.

అడుగున ఒక ఫిల్ము డబ్బా.
డబ్బాలో దూది,
దూదిలో చిటికెనవేలి గోరంత తూటా,
రాగి తొడుగు మూతి దగ్గర విచ్చుకుని.
సీసం ముద్ద కాదు. మా జిల్లాలో ఉండకూడనిది.
దాని పక్కన మడిచిన కాగితం, పెన్సిల్ రాత:
"వంటగది కిటికీ చట్రం. 1987 డిసెంబరు 5.
రోలాండ్‌కి చెప్పలేదు."

ఆ పొద్దున నేను నేలమాళిగలో ఉన్నాను,
బీట్‌రూట్ ఊరగాయ సీసాల కోసం.
ఎనిమిదో నెల, మెట్లు మెల్లగా ఎక్కాను.
ఆ సాయంత్రమే, ఆ చలిలో,
ఎల్డన్ కిటికీ చట్రం ఊడదీసి కొత్తది బిగించాడు.
చెద పట్టిందన్నాడు.
డిసెంబరులో చెదేమిటని
నేనూ అడగలేదు.

రోలాండ్ ఆ రాత్రి మా ఇంట్లోనే తిన్నాడు.
మారు వడ్డించుకున్నాడు.
అప్పట్నించీ ముప్ఫై అయిదేళ్ళు
ఎల్డన్ అతన్ని ఆ కిటికీ కిందే కూర్చోబెట్టాడు,
ఇంకో కుర్చీ ఖాళీగా ఉన్నా సరే.

సోరెన్‌కి పద్నాలుగేళ్ళు.
వాడి కొత్త రైఫిల్ అదే బల్ల మీద, అదే దుప్పటి మీద
నూనె వాసన వేస్తోంది.
డబ్బా వాడి అరచేతిలో బోర్లించాను.
"ఎంత తేలిగ్గా ఉంది అమ్మమ్మా!"
అవును నాన్నా,
అందుకే ఇంత దూరం రాగలిగింది.

వాకిట్లో ట్రక్కు ఆగిన చప్పుడు.
ఎనభై ఒకటి నిండినా తనే నడుపుకొస్తాడు.
దూది మళ్ళీ కూరి, మూత బిగించి,
రోలాండ్ కప్పు కడిగాను.