రెండో సీసా

నల్గొండ బస్టాండు పార్సిల్ ఆఫీసుల
తెల్ల థర్మకోల్ డబ్బా ఒకటి
రాత్రి సంది మా కోసం కూసున్నది.
మంచు కరిగి అడుగున నీళ్లయింది.
నుస్రత్ మేడం ఫోనుల ఒక్కటే మాట:
"సీసా చల్లగున్నదా, చెంపకు ఆనించి చూడు."
ఆనించిన.
ఉన్నది.

ఆ పొద్దు అయ్య నాతోనే ఉన్నడు,
మోకాళ్లు చూపించుకుందామని
దేవరకొండ బస్సు దిగి, గొంగడి భుజానేసుకొని.
డబ్బా నేనే మోస్తనన్నడు.
ఇంత డబ్బాల గింతంత సీసానా అని నవ్విండు.
"ఏమున్నది బిడ్డా ఇండ్ల?"
"మేక నెత్తుట్లకెళ్లి తీసింది."
నడిచేటోడు ఆగిండు.
"కోసిండ్రా?"
"లేదు. సూదితోని తీసి ఇడిసిపెడ్తరు."
"ఏ ఊరి మేక?"
సీసా మీద ఊరు లేదు. లాట్ నంబరున్నది.

ల్యాబుల చీకటి చేసిన.
రంగు పట్టించిన సీసా, వెలుతురు తాకితే వెలిసిపోతది,
రేకు చుట్టి దాచాలె.
మొదటి సీసా కుందేలుది.
ఎముక కణం ఒంటి మీద
నేలను పట్టుకునే కొక్కెం ఒక్కటే దానికి ఎరుక,
పక్కన వెయ్యి రకాలున్నా ముట్టదు,
మాపటేళ మూడు మందలు కలిసిపోయినప్పుడు
చెవిగాటు సూడకుండనే అయ్య
తన బొల్లిదాని మెడ పట్టినట్టు.
రెండోది ఈ మేకది.
దానికి కణం తెల్వదు, కొక్కెం తెల్వదు.
కుందేలు యాడ వాలిందో ఆడ వాలి
పచ్చగ వెలుగుతది.
మధ్యల కడుగుడు. మళ్ల కడుగుడు.
సగం సైన్సు కడుగుడే.

మెడ వంగదు అయ్యకు.
ముప్పై ఏండ్లు ఒకటే బోరు నీళ్లు.
మైక్రోస్కోపు మీదికి వంగబోయి నిలిచిపోయిండు.
నేను సూడనట్టే
బొమ్మను తెర మీదికి మలిపిన.

కణం అంచుల పొంటి పచ్చ గీతలు,
తడి మట్టిల గోళ్లు దించినట్టు.
"ఇవి కాళ్లా?"
"కాళ్లనుకో. పళ్లేన్ని పట్టుకున్న జాగలు."
చానాసేపు చూసిండు.
"గుట్టెక్కే మేక గిట్లనే
గిట్టలు నాటుతది."
మేడం ఆ మాటను
నోట్‌బుక్కు అంచున ఉర్దూల రాసుకున్నది.

రెండో పళ్లెంల
మా ఊరి బోరుల ఉన్నంత ఫ్లోరైడు కలిపిన.
గీతలు పల్చగ అనిపించినయి.
నాకే అట్ల కొట్టిందేమో.
ఒక్కసారికి చెప్పరాదు, ఇంకా మూడుసార్లు చెయ్యాలె.
అయ్య ఏమడగలె.
నేనేం చెప్పలె.

ఆఖరి పళ్లెం కారునల్లగ.
"ఇది ఖాళీనా?"
"కాదయ్యా, కణాలున్నయి.
కుందేలుది ఎయ్యలె, మేకదొక్కటే ఏసిన.
ఏం కనబడొద్దు.
కనబడ్డదంటే మేక అబద్ధమాడినట్టు."
"ఆడిందా?"
"ఆడలె."
తెరను ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకొని
"మంచి జాతి" అన్నడు.

అయిదింటి బస్సుకు పోయిండు.
ఎముకల డాక్టరు రాలేదట, సోమవారం మళ్ల రమ్మన్నరు.

మిగిలిన మందును చుక్క చుక్క కొలిచి
పన్నెండు గొట్టాల్లకు పంచిన,
ఒకదాన్నే పదిసార్లు గడ్డకట్టించి కరిగిస్తే చచ్చిపోతది.
మూతల మీద తారీకు, లాట్ నంబరు రాస్తుంటే
కరెంటు పోయింది.
జనరేటరుల డీజిల్ లేదని వాచ్‌మన్ సైదులు
కిందికెళ్లి అరిచి చెప్పిండు.

డబ్బాల కొత్త ఐసు పోసి గొట్టాలు దించిన.
మూత సరిగ్గ పడతలేదు.
స్టూలు మీద అయ్య గొంగడి.
మరిచిపోయిండో, పెట్టిపోయిండో.
చలిని ఆపేది చల్లదనాన్నీ ఆపుతది గదా,
రెండు మడతలేసి కప్పిన.

చీకట్ల, స్పిరిట్ వాసన మీదికెళ్లి
మెల్లగ మంద వాసన లేచింది.
ఊరు పేరు లేని ఆ మేక
ఒక్క రాత్రికి
మా దొడ్లె పండుకున్నది.