తొమ్మిదో మాట

గుణుపురంలో, సైకిల్ షాపు మీది గదిలో
ఇవాళ మూడోసారి వరద తెప్పించాను.
ఎర్ర బకెట్, ప్లాస్టిక్ మగ్గు,
బకెట్లో తేలే తెల్లటి బెండు,
బెండు మెడకి తీగ,
తీగ చివర అగ్గిపెట్టెంత బోర్డు.

"ఏటమ్మా, వంశధార మేడెక్కీసిందేటి?"
గడప మీంచి కూర్మారావు.
తడిసిన మెట్లు తుడవాల్సింది అతనే.
ఆ నవ్వులో అంత నవ్వు లేదు.

బోర్డు లోపల ఒక వరస.
ఎనిమిది గళ్లు, గడికొక మాట.
ముందొచ్చింది ముందు పోతుంది
కిరోసిన్ డిపో ముందు డబ్బాల్లాగ.
మనిషి నీడకి వెళ్లినా
డబ్బా తన చోటు వదలదు.

మామూలు పనులకి ఓపికుంది.
వరస నిండితే పక్కన కూర్చుంటాయి,
ఇన్ని టిక్కులని లెక్కపెట్టుకుని అప్పుడు లేస్తాయి.
బెండు తెచ్చే కబురుకి కూర్చునే హక్కు లేదు.
తలుపు తోసుకుని వస్తుంది.
చోటుంటే పడేస్తుంది,
లేదంటే అదే కాలి మీద వెనక్కి తిరుగుతుంది.

మోడెం టవర్ కోసం వెతుక్కుంటోంది.
కొండ అడ్డం, వాన అడ్డం.
రెండూ నేను పెట్టినవే, నలభై సెకన్ల ఆలస్యం.
ఈలోగా గళ్లు నిండుతున్నాయి:

వేడి ముప్ఫై ఒకటి.
బ్యాటరీ బాగుంది.
వేడి ముప్ఫై ఒకటి.
నీరు మామూలే.
గడియారం సరిచూశాను.
వేడి ముప్ఫై ఒకటి.
బ్యాటరీ బాగుంది.
నీరు మామూలే.

తొమ్మిదోది: నీరు పెరిగింది.

చోటు లేదు.
తెర మీద ఒక్క ఎర్ర గీతైనా పడలేదు.
వెనక్కి తిరిగినవాళ్ల పేరు రాసుకోమని
ఆ కోడ్ రాసినవాళ్లు చెప్పలేదు.
రాసింది నేనే,
పోయిన చలికాలం, ఈ కుర్చీలోనే, టీ తాగుతూ.

అప్పుడు దొరికింది టవర్.
బకెట్ పొంగి నా చెప్పులు తడుస్తుంటే
కింద కాశీనగరంలో ఫోన్ మోగింది:
నీరు మామూలే.

సుబాస్ గమాంగో ఒడియాలో తిట్టాడు,
సవరలో ఇంకేదో అన్నాడు, దానికి అర్థం చెప్పలేదు.
తర్వాత తెలుగులో, నెమ్మదిగా,
"వరద మాటని వరస ముందు నిలబెట్టు."

నిలబెట్టాను.
రాత్రి పదింటికి మళ్లీ మగ్గు.
నీరు పెరిగింది, నీరు పెరిగింది, నీరు పెరిగింది,
ఒకదాని భుజం మీంచి ఒకటి ముందుకి దూకుతూ.
అరగంటకి బోర్డు చల్లారిపోయింది.
ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఆనవాలు చదివితే
చివరి గడిలో, మొదట్నుంచీ అక్కడే,
ఎవరినీ తోయకుండా నిలబడి ఉంది ఒక మాట:
బ్యాటరీ అయిపోతోంది.

నేనూ సుబాస్ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

కూర్మారావు మెట్ల మీద గోనెసంచి పరుస్తూ
తనలో తనే గొణిగాడు,
"కొత్త నీరొచ్చి పాత నీరు కొట్టుకుపోద్దంటారు.
మీ డబ్బాలో పాత నీరే కదల్దేటి?"

మగ్గు నా చేతిలోనే ఉండిపోయింది.

నిన్నటి నీటి మట్టం ఎవరికి కావాలి?
పది క్షణాల కిందటిదైనా ఎవరికి?
నీటిని వరసలోంచి బయటికి తీశాను.
దానికి వేరే గది, ఒకే ఒక్క గడి.
కొత్త మట్టం వస్తే పాతది చెరిగిపోవాలి,
అంతే. బతిమాలడం లేదు, తోపులాట లేదు.
బ్యాటరీ, వేడి, గడియారం
తమ వరసలో తాము,
డబ్బాల మర్యాదతో.

ఇంకోటి కూడా చేశాను.
వరస నిండి ఎవరు వెనక్కి తిరిగినా
ఒకటి కలిపే చిన్న లెక్క.

తెల్లారుజామున నౌపడా బండి కూత.
మట్టం చేరింది, బ్యాటరీ చేరింది.
తెర మూల
తిరిగిపోయినవి: సున్నా.

సుబాస్ సంచీ సర్దుకున్నాడు.
నేను సర్దుకోలేదు.
ఆలస్యాన్ని మూడు నిమిషాలకి పెంచి
ఆ సున్నాకి అబద్ధం చెప్పడం చేతనవునో కాదో చూద్దామని
మళ్లీ మగ్గు ముంచాను.