బెత్తెడు

వారాసిగూడ సందులో బాలామణి కుట్టుమిషను మీద
నేను తీసిన ఆరు నిమిషాల వీడియోకి
రాత్రి రెండింటికి రెండు నోటీసులొచ్చాయి.

ఒకటి, మొదట్లో నేను అతికించిన వేణువుకి.
ఎవరిదో తెలుసు. అడగలేదు.
నా షాట్‌లో లేని తడి దాంట్లో ఉందని
ఇరవై సెకన్లు ఎత్తుకొచ్చాను.

రెండోది ఆమె అరమీది రేడియోకి.
అది నేను పెట్టింది కాదు, నిజానికి ఆమె పెట్టిందీ కాదు,
పక్కన ఇస్త్రీ బండి అతని కోసం పొద్దంతా మోగుతుంటుంది.
ఆమె మాట్లాడుతుంటే వెనక ఎవరో పాడుతున్నారు.
మ్యూట్ నొక్కాను.
పాటతో పాటు ఆమె గొంతూ పోయింది.
పదకొండు సెకన్లు పెదాలు కదులుతాయి,
సూది దిగుతుంది,
చప్పుడుండదు.

అక్కడ ఏమన్నావని అడగడానికి పొద్దున్నే వెళ్లాను.
"నాకేమెరుక, ఏదో అన్న" అంది దారం కొరికి.
సంగతి చెప్పాను. పాట, హక్కు,
ఎంతవరకు వాడుకోవచ్చు,
నాకూ సరిగ్గా తెలియని గీత.

ఆమె మిషను కింద నుంచి సంచీ లాగింది.
జాకెట్ల ముక్కలు. పట్టు, నూలు, తెగిన జరీ అంచొకటి.
"బెత్తెడు కన్న తక్కువుంటె నాది.
ఎక్కువుంటె బట్టలల్ల మడిచి వాపసిస్త.
ఈ లెక్క ఎవ్వలు రాసియ్యలే,
కోఠిల నాకు కుట్టుడు నేర్పినామె చెప్పింది."

ఆ ముక్కల బొంత చూపించింది.
మనవరాలు దాని మీదే నిద్రపోతోంది.
"దీన్ల నుంచి ఎవరి చీరన్న తిరిగొస్తదా?
రాదు. గందుకే ఇది దొంగతనం గాదు.
నువ్వు ఆ పిల్లనగ్రోవి గోసింది గిట్లనేనా,
కొంగే గోసినవా?"

నేనూ కత్తెర పట్టుకునేవాణ్ణే.
చాయ్ తెప్పించింది కాబట్టి
తాగుతూ కూర్చున్నాను.

వేణువు తీసేశాను. ఆయనకి మెసేజ్ పెట్టాను.
ఇంకా చూడలేదు.
రేడియో కట్టేసి ఆమెని మళ్లీ తీశాను.
ఈసారి మిషను, ఇస్త్రీ బొగ్గుల చిటపట,
పై అంతస్తులో ఎవరో బిందె దించిన చప్పుడు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక విన్నాను:
రేడియో ఆగినా
ఆమె పాదం ఆ పాట తాళానికే తొక్కుతోంది,
చరణం దగ్గర కాస్త ఆగి, మళ్లీ.

అప్‌లోడ్ చేశాను.
తనిఖీ పూర్తయింది,
అభ్యంతరాలేమీ లేవు, అంది తెర.