బెరడు ఊడే రోజులు

చీకటి పడేలోపు తీసుకొచ్చెయ్, అంది హెల్వి
పిల్ల బూట్ల లేసులు ముడేస్తూ.
జూన్‌లో ఈ ఊళ్లో చీకటెక్కడ పడుతుంది?
ఆమెకీ తెలుసు. అయినా ఎవరో ఒకరు అనాలి కదా.

సైమికి ఆరేళ్లు. ఆ ఇంట్లో నాకు ఎనిమిది నెలలు.
నా పేరు తెన్హో, పలకడానికి కష్టమేం కాదు,
తను మాత్రం "ఏయ్" అంటుంది,
పేరు కుదిరేదాకా కొత్త కుక్కని పిలిచినట్టు.
నాన్న అనే మాట ఔలులో ఉంటుంది,
రెండు వారాలకోసారి బస్సులో వస్తుంది.

ఊబినేల మీద రెండు పలకల బాట.
ముందు తను, వెనక నేను.
ఒక్కో పలక మీదా రెండు కాళ్లూ ఆనితేగాని కదలదు.
మడుగులో దోమపిల్లల్ని లెక్కపెడుతుంది,
నలభై రెండు దగ్గర తప్పిపోయి
మళ్లీ ఒకటి నుంచి.
"ఏయ్, అడుగు ఎంత లోతు?"
"తెలీదు."
"అమ్మకి తెలుసు."
"తెలిసే ఉంటుంది."
పెద్దవాళ్లకి గంట నడక. మాకు మూడు.

సరస్సు ఒడ్డున, ఎండ కాగిన బండ మీద
రెండు కత్తులు తీశాను.
చిన్నది తనకి. బర్చ్ పిడి, తోలు ఒర, ఇంకా కొత్త వాసన.
కత్తి బయటికొస్తే మనం కూర్చోవాలి, అన్నాను.
ముందు చెయ్యి చాచి గుండ్రంగా తిరుగు,
ఎవరికీ తగలకూడదు.
తిరిగింది. నాకు తగిలింది. జరిగాను.
"ఇంకా," అంది. జరిగాను.
"ఇంకా."
మడమకి నీళ్లు తగిలాక ఒప్పుకుంది.

వేలంత లావు విల్లో కొమ్మ, కణుపు లేనిది.
చుట్టూ ఒక గాటు. నోట్లో పెట్టి తడిపి,
మోకాలి మీద ఆనించి, కత్తి పిడితో తట్టాలి.
గట్టిగా కాదు. నిద్రలో ఉన్నవాళ్లని లేపుతున్నట్టు.
"ఎంతసేపు?"
"అది ఒప్పుకునేదాకా."
చెట్టులో నీరు ఎక్కే ఈ రెండు వారాలే
బెరడు గొట్టంలా ఊడొస్తుంది.
తర్వాత ఎంత బతిమాలినా రాదు.

నాది చిన్న చప్పుడుతో జారింది.
తనది నిలువునా చీలింది.
ఏడవలేదు. బెరడు జేబులో పెట్టుకుంది.
రెండోదీ చీలింది. ఆ పట్టుదలలో బొటనవేలు తెగింది,
ఆవగింజంత రక్తం.
దాని వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది,
ఏడవాలా వద్దా అని అక్కడ రాసి ఉంటుందేమోనని.
మొహాన్ని ఎలా పెట్టానో నాకే తెలీదు.
సంచిలో వెతికితే చేపబొమ్మల ప్లాస్టర్ దొరికింది.
నేను పెట్టింది కాదు.

మూడో కొమ్మని ఈల చెయ్యనంది.
ఊరికే చెక్కింది.
కర్ర పెన్సిలయింది, పెన్సిల్ అగ్గిపుల్లయింది,
అగ్గిపుల్ల పట్టుకోడానికి లేకుండా పోయింది.
నేను కాఫీ పోసుకుని, చల్లార్చి, తాగేశాను.
"అయిపోయింది," అంది.
"ఏం చేశావు?"
"ఇది."
బూట్ల చుట్టూ తెల్లగా, చుట్టలు చుట్టలుగా
ఒక కొమ్మంత పొట్టు.
చెప్పడానికి నా దగ్గర మాట లేదు.
టోపీ అడిగింది. ఇచ్చాను.
రెండు చేతులా ఎత్తి నింపింది, అమ్మకిట.

తిరుగుబాటలో ఎండ పడమట వేలాడుతూనే ఉంది.
టోపీని గుడ్లగంపలా పొట్టకి హత్తుకుని
మొదటి పలక మీద ఆగింది.
వెనక్కి చూడకుండా అంది:
"ఏయ్, నువ్వు ఈల ఊదుతూ రా.
ఆగితే నాకు తెలిసిపోతుంది."

నా నెత్తి నిండా దోమలు.
ఇంకా మూడు గంటల దారి.
మొదటి మైలుకే పెదాలు ఎండాయి.
ఊదాను.