తాగని కాగితం

ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికల దుకాణాల వెనక
మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని సందు.
అక్కడ నయీముద్దీన్ సాబ్
కాగితం మూలను నాలుకకు ఆనించి
కళ్లు మూసుకుంటాడు,
పులుసులో ఉప్పు చూస్తున్నట్టు.

"ఇది తాగుబోతు" అని
పక్కన పడేస్తాడు.

నేను తెచ్చిన మూడో పుస్తకం అది.
కోఠీలో గాజు తలుపుల షాపు,
మూడొందల ఎనభై రూపాయలు,
అట్ట మీద బంగారు నెమలి.
పాళీ ఇలా ఆనించానో లేదో
అక్షరాలకు వేళ్లు దిగాయి,
తలకట్లు జుట్టు విరబోసుకున్నాయి,
సున్న పూడిపోయి మచ్చయింది.
పేజీ తిప్పితే అవతల నా వాక్యమే
తిరగబడి నన్ను చూస్తోంది.

బాల్‌పెన్ను వాళ్లకు ఈ గొడవల్లేవు.
టికెట్ వెనక రాస్తారు, అరచేతిలో రాస్తారు,
గోడకు ఆనించి నిలబడి కూడా రాస్తారు.
మాకు మాత్రం జాతకాలు కలవాలి.
పాళీకి కాగితం, కాగితానికి సిరా,
ఆ రెంటికీ ఋతువు.
మార్చిలో మాట నిలబెట్టుకున్న పుస్తకమే
జులై ముసురుకి మెత్తబడి మాట తప్పుతుంది.

సివిల్ కోర్టు నకళ్ల సెక్షన్‌లో
ఇరవై రెండేళ్లు రాశాను.
ఎవరి పొలం హద్దులో, ఎవరి విడాకులో,
ఎవరో చెప్పిన అబద్ధమో,
చివర "అసలుకు నకలు సరి" అని నా సంతకం.
ఇప్పుడా పని జిరాక్స్ మిషన్‌ది.
నా ఎబొనైట్ పెన్ను మాత్రం
రోజూ పొద్దున్నే దాహం తీర్చుకుని
ఖాళీగా కూర్చుంటోంది.

సాబ్ బల్ల కిందికి వంగి
గోనె సంచీలోంచి ఒక కట్ట లాగాడు.
"బేగంబజార్ సేఠ్ లెక్కలు కంప్యూటర్ల పోయినంక
మిగిలిన లెడ్జర్ కాగితం. జర రాసి చూడు."
రాశాను.
సిరా కాసేపు పైనే కూర్చుంది,
తడిగా, మెరుస్తూ,
దిగాలా వద్దా అన్నట్టు.
తర్వాత రాసినంత మేరే దిగింది.
పేజీకి కుడివైపు రెండు లేత ఎర్ర గీతలు,
పైన ఒక గడికి జమ, ఒక గడికి ఖర్చు.

ఇక అట్ట.
రెక్సిన్ ఎండకు చేతికంటుకుంటుంది.
మేకతోలు ముసురులో మళ్లీ మేకవుతుంది.
ఎర్ర గుడ్డ చూపించాడు, వద్దన్నాను.
ఫైళ్ల మూటలు విప్పిన చేతులు ఇవి.
చివరికి పక్క కొట్టు గొడుగుల ఆయన దగ్గర
మిగిలిపోయిన నల్ల గుడ్డ.
వాన ఆగదు, సిరా ఒలికినా కనపడదు.
"పేరు కొట్టాల్నా?"
వద్దు.
"పడుకోవాలె కదా?"
ఆ, అది ముఖ్యం. బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి.
మాటిమాటికీ లేచి మూసుకునే పుస్తకం
రాసే చేతిని నమ్మనట్టుంటుంది.

శుక్రవారం కాదు, శనివారం వెళ్లాను.
కుట్లు నేరుగా ఉన్నాయి, మూలలు కుదిరాయి.
మొదటి పేజీలో, సరిగ్గా నడుమ,
మైదా జిగురుతో బొటనవేలి ముద్ర!

నాకు ఏడుపొచ్చినంత పనైంది.
ఆయన టీ ఊదుకుంటూ అన్నాడు:
"ఇంట్ల ఎన్ని ఖాళీ పుస్తకాలున్నయమ్మా?"
ఏడు, అన్నాను.
"మంచి పుస్తకం చూస్తే దస్తూరికి వణుకొస్తది.
ఇది ఎట్లనో ఖరాబైంది. ఇగ రాస్కో."

జారిన జిగురుకి అప్పటికప్పుడు
వేదాంతం పూశాడనే నా అనుమానం.
యాభై తగ్గించమన్నాను.
ఇరవై తగ్గించాడు.

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కేసరికి చినుకులు.
నల్ల గుడ్డ మీద నీళ్లు పూసల్లా దొర్లి
నా చీర మీద పడ్డాయి.
కండక్టరమ్మ జీరో టికెట్ చించి ఇచ్చింది.
కిటికీ పక్క సీటు, ఒళ్లో పుస్తకం పడుకుంది.
మూత తిప్పాను.
వేలిముద్రను ఆనుకునే రాశాను:
అఫ్జల్‌గంజ్ నుంచి ఇంటికి, వానలో.
బస్సు గుంతలో పడి 'ఇంటి' కొంచెం ఎగిరింది.
ఖర్చు గడిలో
ఒక సున్న చుట్టాను.

సిరా ఆరేదాకా దాన్నే చూశాను.
పూడలేదు.